మూడో అంకె

జడ్చర్ల దాటినంక
బస్సు ఎడమకు మళ్లే కాడ మా కంపెనీ.
పంచదార పలుకుల లెక్క సంచులల్ల వస్తయి గుండ్లు.
ఆవిరి తగలంగనే పేలాల తీరు ఉబ్బుతయి,
ఒక్కొక్కటి నలభై ఇంతలు.
లోపలున్నదంత గాలే,
కదలకుంట కట్టేసిన గాలి.
దిమ్మెలు పోసి, ఆరబెట్టి,
ఎర్రగ కాలిన తీగెతోటి అట్టలు కోస్తరు.
వెన్న తెగినట్టు తెగుతది, సప్పుడుండదు.

నా పని పక్క గదిల.
దిమ్మెకొక జానెడు ముక్క.
చిమ్టాతోటి పట్టి
మంట పెడ్త, మంట తీస్త, లెక్కబెడ్త.
ఒకటి. రెండు.
మందు సరిగ్గ కలిసిన ముక్క రెండు లోపట ఆరుతది,
దానికి పచ్చ ముద్ర.
ఆరకుంట బొట్లు బొట్లుగ కారి
ఆ బొట్లు కింద పడి గూడ మండితే
ఎర్ర ముద్ర, తుక్కు కుప్ప.
పదకొండేండ్ల సంది ఇవే రెండు అంకెలు.
బళ్లె నేర్చిన మిగతా లెక్కలన్నీ
తుప్పు పట్టినయి.

ఈ అట్టలు కోల్డ్ స్టోరేజీ గోడలకు పోతయి.
మిరపకాయలు చల్లగుంటయి, చింతపండు చల్లగుంటది,
పట్నంల ఎవరిదో తొమ్మిదో అంతస్తు చల్లగుంటది.
మాపటీలి బస్సు దిగి నేను
రేకుల కిందికి పోత.

మా వాడల మిద్దె మిగిలింది లింగమవ్వకొక్కదానికే.
వేప దూలాలు, వాటి మీద తంగేడు మండలు,
మండల మీద మూరెడు చవుడు.
ఎండకాలం దాని కింద నిలబడితే
ఎవరో తడిగుడ్డ భుజాన ఏసినట్టుంటది.
వానలకు కారుతది మరి,
చవుడు మోసే మనుషులు ఇప్పుడేరి.

పోయిన మే నెలల
మణెమ్మ బిడ్డ శైలజ పురుటికొచ్చింది.
పందొమ్మిది దినాల పసిగుడ్డు,
రేకు కింద ఒళ్లంత చెమటకాయలు.
మణెమ్మ నా కొంగు పట్టుకుంది.
“మీ కాడ పారేసే అట్టలుంటయంట గదనే,
నాలుగు తే, నెత్తి మీద కొట్టిపిస్త.”

కుప్పలకెళ్లి ఆరు తెచ్చిన.
గేటు కాడ ఖాజా అన్న మొఖం అటు తిప్పుకున్నడు.
మణెమ్మ తమ్ముడు సుతిలి కట్టి మేకులు కొట్టిండు.
ఆ రాత్రి పిల్లగాడు నిద్రల ఒక్కపాలి కదిలిండంతే.
తెల్లారి వాడంత నన్ను మెచ్చింది.
మణెమ్మ కట్టెల పొయ్యి ముట్టిచ్చి
నాకని ఇలాచి ఏసి చాయ పెట్టింది.

గ్లాసు చేతిల పట్టుకొని పైకి చూసిన.
అట్ట మూలకు ఎర్ర ముద్ర,
నా చేతిదే, కొంచెం వంకర.
మంటకు, దానికి నడుమ
నా చెయ్యెత్తు జాగ లేదు.
నోట్లె లెక్క దానంతటదే షురువైంది.
ఒకటి, రెండు, మూడు, నాలుగు,
ఆగుతలేదు.

చాయ తాగకనే నిచ్చెనెక్కి పీకిన.
“ఇచ్చినట్టే ఇచ్చి గుంజుకుంటివి”
అని మణెమ్మ వాడ వినేటట్టు తిట్టింది.
వాకిట్ల ఒక ముక్క కాల్చి చూపిన.
నల్లపొగకు కోళ్లు ఉరికినయి.
బొట్లు రాలి మన్నుల గూడ మండినయి.
శైలజ పిల్లగాని ముక్కు మీద కొంగు కప్పింది.
మణెమ్మ ఇగ మాట్లాడలె,
చాట తీసుకొని లోపలికి పోయింది.

పక్క షెడ్డుల రాతిపీచు చేస్తరు,
నల్లరాయిని కరిగిచ్చి పీచుమిఠాయి తిప్పినట్టు తిప్పుతరు.
అది కాలదు. కాని ఒంటికి తగిలితే రాత్రంత గోకుడే,
కప్పు లేకుంట ఉయ్యాల మీద కట్టేది కాదు.
ఆఖరికి పచ్చ ముద్రవి రెండు
జీతంల పట్టిచ్చుకొని కొన్న.
కింద సిమెంటు పలక బిగిచ్చినం,
పొయ్యి వాకిట్లకు జరిపినం.
రెండు అట్టలకు వచ్చిన నీడ
సరిగ్గ ఉయ్యాలంత.
మిగిలిన ఇల్లంత రేకే,
మణెమ్మ దాని కిందనే పంటది.

ఇప్పుడు గూడ మంట తీస్త, లెక్కబెడ్త.
రెండు కాడ ముక్క ఆరిపోయినా
ముద్ర కొట్టక ఇంకొక అంకె ఆగుత.
సూపర్‌వైజరు అడిగిండు,
ఆరింది గదా, ఇంకేం చూస్తున్నవని.
పసిపిల్లగాడు ఒక పక్కకు పొర్లెంత సేపు సార్
అని నోటిదాక వచ్చింది.
చిమ్టా చల్లారనీ అన్న.