పర్ర మీద లెక్క

వారమంతా మిర్చి యార్డులో టిక్కీలు లెక్కపెడతాను.
ఆదివారం గుంటూరులో తొలి బస్సెక్కి
నిజాంపట్నం పర్ర మీద
ఉల్లంకి పిట్టల్ని.

గోళ్ళ సందుల్లో ఘాటు ఓ పట్టాన పోదు.
బైనాక్యులర్ తుడిచిన వేలు కంటికి తగిలితే
మొగ అంతా కాసేపు ఎర్రటి నీళ్ళే.
కొక్కిలిగడ్డ సముద్రాలు నవ్వుతాడు
పీతల బుట్ట దించకుండానే:
"ఏడవమాక గుమస్తా, పాటు తీత్తంది, వత్తయ్."

వస్తాయి.
నీరు వెనక్కి జారిన చోటల్లా
బురదే లేచి నడిచినట్టు.
నూట ముప్పై ఎనిమిది, నూట ముప్పై తొమ్మిది...
ఎక్కడో మంచు కరిగే నేల మీద గుడ్డు పగిలిన వీటికి
ఇక్కడి పీతపిల్ల రుచి ఎవరు చెప్పారో!

ఒకటి మాత్రం కుంటింది.
నైలాను వలపోగు, కాలికి మూడు చుట్లు.
మోకాటి లోతు బురదలో మధ్యాహ్నం దాకా వెంటపడి
తువ్వాలు విసిరి పట్టాడు సముద్రాలు.
పోగుని పంటితో కొరికాడు.
ఎంత బరువుందీ అనడిగాను, కాటా అలవాటు.
"గుప్పెడు మిరక్కాయలంత" అన్నాడు
నాకు తెలిసిన తూకంలో.

చైత్రం చివర పర్ర ఖాళీ.
అది వెళ్ళిందో లేదో ఇద్దరికీ తెలీదు.
ఆ పోగు ఎవరి వలదో అతనికి తెలుసు.
ఆ మాటెత్తితే చాలు
బుట్టలో పీతల్ని మళ్ళీ మళ్ళీ సర్దుతాడు.

సోమవారం కాటా చీటీలో
టిక్కీల కింద ఒకటి ఎక్కువ రాశానట.
షావుకారు కేకలేస్తున్నాడు.
పెన్ను తీశాను గానీ
కొట్టేయలేదింకా.