పిట్టకాలు గుర్తు

గోషామహల్ సందుల, ఆ పాత హాల్ల
నేలబండలు లేసినయని కబురొస్తే
నాయిన పనిముట్ల సంచి భుజానేసుకొని పోయిన.
వానకు అడుగున మన్ను కుంగింది.
నల్లది, తెల్లది, నల్లది, తెల్లది,
నడుమ పండ్లూడిన నోరు లెక్క.

తలుపుకాడ అస్థానా సాబ్.
నీళ్ల ఆఫీసుల లెక్కలు రాసి రిటైరైండు.
నెలకొక సాయంత్రం కత్తి పట్టుకొని
గీ తలుపు బయట నిలవడతడు.
"మీటింగుల ఏం జరుగుతది సాబ్?" అంటే
"నేను బయటోణ్ణి గద బేటీ" అని నవ్విండు.

గోడకు మూలమట్టం, కంపాసు
మెరుగువెట్టి, పటం గట్టి ఉన్నయి.
మా నాయిన మూలమట్టం ఒక చెయ్యి వంగింది,
ఎప్పుడు సున్నం అంటుకొనే ఉంటది.
"ఇది నీతి" అన్నడు సాబ్. "ఇది హద్దు.
రసమట్టమంటే అందరు ఒక్కటే.
గుండుదారమంటే నిటారుగ బతుకుడు."
నా గుండుదారం తీసి గోడకు ఆనిచ్చి చూసిన.
గోడ అర అంగుళం పక్కకున్నది.
చెప్పలే.

మూడు మెట్లంట వాళ్లకు.
మొదలు పని నేర్చే పోరడు, తర్వాత పనోడు,
ఆఖరికి మేస్త్రీ.
కొత్తగ వచ్చేటోని కండ్లకు గంతలు గట్టి
ఉంగరం, గడియారం, జేబుల చిల్లర
అన్ని బయటనే తీయించి
ధర్మం చెయ్యమని అడుగుతరంట.
ఇయ్యనీకి ఏముండదు.
గప్పుడు తెలుస్తదంట
బీదోని చెయ్యి ఎంత ఖాళీగుంటదో.
"ఒక్క దినంల తెలుస్తదా సాబ్?"
"కొందరికి తెలుస్తది.
కొందరు మళ్ల గడియారం పెట్టుకుంటరు."

మేజా మీద గీత, ఖురాను, బైబిలు,
పార్సీల కితాబు,
ఒకదాని పక్కన ఒకటి, బట్ట గప్పి.
ఏ దేవుడని అడగరంట,
ఉన్నడా అని అడుగుతరంట.
లోకానికి నక్ష గీసిన పెద్ద మేస్త్రీ అంటరంట ఆయనను.
మస్తు నచ్చింది నాకు ఆ మాట.
కూలి ఎవలిచ్చిండ్రో మరి.

పెద్ద కుర్సీకాడ రెండు రాళ్లు:
ఒకటి గరుకుది, ఒకటి నున్నగ చెక్కింది.
మనిషి గిట్ల వచ్చి గట్ల కావాలెనంట.
గరుకుదాని మీద చెయ్యి పెట్టిన.
తాండూరుది కాదు, శాబాదు కాదు,
మన గుట్టల రాయే.
నాలుగు ఉలిదెబ్బలు, ఎడమచేతి వాటం.
మా నాయినది ఎడమచెయ్యే.
గని ఆ వాటం శానమందికుంటది.

"ఆడోళ్లను తీసుకుంటరా సాబ్?"
కత్తి ఒర తుడుస్తున్నడు.
తుడుస్తనే ఉన్నడు.
"మా రూలు పాతది" అన్నడు.
నేను సిమెంటు కలిపిన.

నాలుగో నాటికి బండలు కూసున్నయి.
ఆఖరి తెల్లబండ తిరగేసి
అడుగున ఉలితోని పిట్టకాలు గీసిన,
మూడు గీతలు.
మా తాత నుంచి అదే మా గుర్తు.
మెట్లకింద, గోడల కడుపుల, గీ ఊర్లె
ఎన్నిచోట్లున్నదో మాకే తెల్వదు.
సాబ్ చూసిండు. ఏమనలే.

పైసలు లెక్కవెట్టి ఇచ్చి చెయ్యి చాపిండు.
బొటనవేలు ఎక్కడనో ఒక్కసారి ఒత్తింది.
వాళ్ల పద్ధతేమో, ముసలి వణుకేమో.
తిరిగి ఏం ఒత్తాల్నో తెల్వక
గట్టిగ పట్టుకున్న.
ఆ వేలు నా అరచేతి కాయ మీద
జరసేపు ఆగింది.

అఫ్జల్‌గంజ్ ఆటో ఎక్కినంక సంచి చూసుకుంటే
గుండుదారం లేదు.
ఆ గోడకే వేలాడుతుంటది లోపల.
రేపు పోయి తెచ్చుకోవాలె.
లేకుంటే
ఉండనీ.