కడుపుల రిజిస్టరు

లెర్విక్‌లో జనవరి. తొమ్మిదైతే గానీ తెల్లవారదు.
రేవు పక్క షెడ్డులో, ట్యూబులైట్ల కింద
ఓస్లా కోస్తుంది, నేను రాస్తాను.

కాడ్ చేప. తొంభై రెండు సెంటీమీటర్లు. ఆడది.
కత్తి మొన గొంతు కింద ఆనించి లాగితే
సంచీ జిప్పులా తెరుచుకుంటుంది.
వేళ్ళతో కెలికి పైకి చదువుతుంది ఓస్లా,
చదువురాని వాళ్ళకొచ్చిన ఉత్తరం చదివినట్టు:
ఇసుక ఈల్ చేపలు, పద్నాలుగు. ఒకటింకా మెరుస్తోంది.
సన్యాసి పీత, గుల్లతో సహా.
రాయి ఒకటి.

రాయా?

రాయే. దాని మీద పువ్వులా మొలిచే జీవి ఒకటుంటుంది,
దానికోసం మింగింది.
పువ్వు అరిగిపోయింది. రాయి మిగిలింది.
నేను రాశాను: రాయి, నలభై గ్రాములు.

హాడక్ అలా కాదు, నేల ఊడ్చుకు తినే రకం.
దాని పొట్టలో పురుగులు, విరిగిన నక్షత్రాల చేతులు, కాస్త బురద.
చివరి బంతిలో కూర్చున్న మనిషి విస్తరి.

మాంక్ చేపకి ఒళ్ళంతా నోరే.
నెత్తి మీదే గాలం, గాలం కొసకి ఎర, కదలకుండా పడుకునుంటుంది.
ఇవాళ్టిది తనంత పొడుగు చేపని మింగబోయింది,
తోక ఇంకా గొంతులోనే ఉంది.
'ఆత్రం' అన్నాను తెలుగులో.
ఓస్లా తలూపింది,
అర్థమయ్యో, చలికో.

పదకొండింటికి, కాడ్ పొట్టలో కాడ్.
దాని పిల్లే కావచ్చు, ఎవరి పిల్లో కావచ్చు,
అడుగున చీకట్లో చుట్టరికాలు ఎవరు చూస్తారు.
దొరికినదాని పొట్టా కోయాలి, అది నియమం.
కోసింది. అందులో ఒక రొయ్య,
కళ్ళు రెండూ ఆవగింజల్లా నల్లగా, చెక్కుచెదరకుండా.
ఈ రొయ్యని ఎవరి పద్దులో రాయాలి?
ఓస్లాకీ తెలీదు. ఇద్దరం నవ్వాం,
నోట్లోంచి ఆవిరి.

కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందనేది మా మేనత్త,
ఇంటి గుట్టు వీధిలో పెట్టొద్దని.
ఇక్కడ నిజంగానే పడింది,
నా రబ్బరు బూట్ల మీద, వెచ్చదనం లేకుండా.
ఈ చేపలకి గుట్టు లేదు.
ఎప్పుడు తిన్నాయో, ఎవర్ని తిన్నాయో, తినక ఎన్నాళ్ళైందో
అన్నీ చెప్పేస్తాయి.
మా భాషలో మనిషి కనిపిస్తే మొదటి ప్రశ్న: తిన్నావా?
జవాబు ఎప్పుడూ ఒకటే: తిన్నాను.
రెండు పూటలు పస్తున్నా, పొయ్యి రాజుకోకున్నా,
తిన్నాను.
కోసి చూసేవాళ్ళెవరు?

రిజిస్టరులో నిండుదనం సున్నా నుంచి ఐదు.
దాని పక్కనే ఇంకో గడి ఉంది, మొదటివారం నాకు కనపడలేదు.

నూటయాభై మీటర్ల లోతు నుంచి ఒక్క ఉదుటున లాగితే
లోపలి గాలి ఉబ్బి
కొన్నిటికి కడుపు తిరగబడి నోట్లోకొస్తుంది,
పసిపిల్లలు ఊదిపెట్టిన గులాబీ బుడగలా.
తిన్నదేదో దారిలోనే కక్కేసి ఉంటాయి,
మళ్ళీ సముద్రానికే.
నేను సున్నా వేశాను.
ఓస్లా నా చేతిలో పెన్ను తీసుకుని కొట్టేసింది.
'ఖాళీ అని ఎవరు చెప్పారు?
మనకి తెలీదు. అంతే.'
ఆ గడిలో టిక్కు పెట్టింది.

ఒంటిగంట. బయట వెలుతురు అప్పుడే వాలుతోంది.
తను గ్లౌజులు తీసి ఫ్లాస్కు మూత తిప్పుతూ
నేను నేర్పిన ఒకే ఒక్క తెలుగు మాట
ముక్కలు ముక్కలుగా అంది:
తి-న్నా-వా?

తిన్నాను, అన్నాను.

నన్నొక్క క్షణం చూసింది, దీపం కింద చేపని చూసే చూపు.
ఏమీ అనలేదు.
వోట్ బిస్కెట్టు విరిచి పెద్ద ముక్క
బల్ల చివర పెట్టింది,
తడి లేని చోటు చూసి.