మూడో సిలిండర్

ఆ పిస్టన్ ఇంకా నా షెడ్డు గోడకే ఉంది, మేకుకి.
నడినెత్తిన చిల్లు,
వెన్నముద్దలో ఎవరో వేలు దించినట్టు.
నిరుడు ఫిబ్రవరిలో సిక్స్టెన్ దాన్ని చేతిరుమాల్లో చుట్టి తెచ్చాడు,
ఊడిన పన్నుని డాక్టరుకి చూపించేవాడిలా.

పెద్ద టర్బో కొన్నాడు వాడు.
అంటే గాలి కొన్నాడు.
గాలికి సరిపడా తిండి కూడా కొనాలని
ఎవరూ చెప్పలేదంటాడు.
నేను చెప్పాను.
ఆ ఈల మోతలో వినబడి ఉండదు.

మంటకి ఊపిరెక్కువై మేత తక్కువైతే
దొరికినదాన్నల్లా నములుతుంది.
ముందుగా అల్యూమినియం.

ఈసారి వెనకసీటు పీకి మొదలుపెట్టాం.
బయట మైనస్ పందొమ్మిది,
నోర్‌బొటెన్‌లో అది పెద్ద చలేం కాదు.
ట్యాంకు మూత తీస్తే ముప్పయ్యేళ్ళ వాసన.
లోపల పాత పంపు, కాళ్ళకింద నల్లబడ్డ వల.
దాన్ని తిట్టబుద్ధి కాలేదు.
నూట అరవై గుర్రాలకి నీళ్ళు తోడిన మనిషిని
నాలుగువందల గుర్రాల ముందు నిలబెట్టింది మేమే.

పక్కింటి ఎవాల్డ్ వచ్చి చూశాడు.
రంపపు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు చేసి
చెవులు రెండూ అక్కడే అప్పజెప్పి వచ్చినవాడు.
బొటనవేలూ చూపుడువేలూ కలిపి చూపించాడు:
తీగ సన్నం.
నిజమే. బ్యాటరీ దగ్గర పదమూడు వోల్టులు బయల్దేరితే
పంపుని చేరేవి పదిన్నర,
దారిలో ఎవరెవరికో లంచాలిచ్చుకున్నట్టు.
చిటికెనవేలంత తీగ నేరుగా లాగి, నడుమ రిలే పెట్టాం.

గొట్టాలన్నీ మార్చాం.
ఈ బంకుల్లో దొరికే ఇథనాల్ చల్లగా మండుతుంది, మంచిదే,
కానీ పాత రబ్బరు దాన్ని తాగి ఉబ్బిపోతుంది,
పైగా పెట్రోలు మూడు గ్లాసులు చాలే చోట
ఇది నాలుగు అడుగుతుంది.
నాలుగు కొత్త ఇంజెక్టర్లకీ
సిక్స్టెన్ చెల్లెలు తూవా
ఒక్కో రింగుకీ వేలికొసతో నూనె రాసింది,
పసిదాని చెవికి పోగు తొడిగేముందు రాసినట్టు.

తాళం తిప్పాం.
పంపు పాడింది, రెండు సెకన్లు.
మూడో ఇంజెక్టర్ మెడ దగ్గర
ఒక చుక్క.

కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నా అక్కడే ఉంది.
"చుక్కే కదా" అన్నాడు సిక్స్టెన్.
రేపు సరస్సు మీద పరుగు, ఊళ్ళో సగంమంది వస్తారు.
నేను మాట్లాడలేదు.
గోడవైపు చూశాను.
వాడూ చూశాడు.

పన్నెండు క్రోనర్ల రింగు కోసం
తూవా వ్యాను తీసుకుని తొంభై కిలోమీటర్లు
మంచులో వెళ్ళాడు, మంచులో వచ్చాడు.
వచ్చేసరికి రాత్రి పదకొండు.
రింగుని జేబులో పెట్టుకోలేదు,
దారంతా చేతితొడుగులో, అరచేతికి ఆనించి తెచ్చాడట.
ఎందుకని అడిగితే చెప్పలేకపోయాడు.

తెల్లారి గడ్డకట్టిన సరస్సు మీద
ఇంజను మూడు తిప్పులకీ లేవలేదు.
చలికి ఆల్కహాలుకీ బద్ధకమే.
నాలుగో తిప్పుకి దగ్గింది, అయిదోదానికి నిలబడింది.
మూడో గేరులో ఈల లేచినప్పుడు
సిక్స్టెన్ వేగం వైపు చూడలేదు.
డ్యాష్‌బోర్డు మీద చిన్న ఎర్ర అంకె ఒకటి,
సున్నా పాయింట్ డెబ్బై ఎనిమిది,
దాన్నే చూస్తున్నాడు,
పాలు పొంగుతాయేమోనని గిన్నెని చూసినట్టు.
అంకె కదల్లేదు.

ఒడ్డుకొచ్చి ఆపాక
జనం బానెట్ చుట్టూ మూగారు.
ఎవాల్డ్ మాత్రం బండి వెనక్కి నడిచి
తొడుగు విప్పి
ట్యాంకు మీది రేకుకి అరచెయ్యి ఆనించాడు.
సిక్స్టెన్ అద్దంలో చూసి
ఇంజను లేపకుండా తాళం సగమే తిప్పాడు.
రెండు సెకన్లు.

ఎవాల్డ్ కళ్ళు మూసుకునే
వేలెత్తాడు:
ఇంకోసారి.