నాలుగో మెట్టు

ఆ పెట్టె మూసెయ్, కోల్బర్ట్.
ఇన్ని రంగులకు మోసపోయింది నువ్వు, చేప కాదు.
ఆ గులాబీ రంగు కప్పను చేసినవాడు
నీ జేబుకే గాలం వేశాడు.

ఓర్లీన్ టాకెట్ కొట్టు, హార్లో ఫోర్క్ జలాశయం ఒడ్డు.
కెంటకీ కొండల్లో మార్చి ఆఖరు, తెల్లారగట్ల నాలుగున్నర.
ఫ్రిజ్‌లో పాల పక్కనే వానపాముల డబ్బాలు,
గల్లాపెట్టె మీద ముసలి పిల్లి.
నేనడిగింది ఒక్కటే:
బాస్ ఎందుకు పడటం లేదు?

ముందు దారం చూపించు, అంది.
చివరి మూరెడూ పెదాల మధ్య పెట్టి మెల్లగా లాగింది.
ఇదిగో, ఇక్కడ గరుకు. రాయి కొరికిన చోటు.
వేలికి తెలీదు, పెదవికి తెలుస్తుంది.
కత్తిరించి మళ్ళీ ముడి వెయ్.
బిగించే ముందు ఉమ్మితో తడుపు.
పొడి ముడి వేడెక్కుతుంది,
వేడెక్కింది ఏదో ఒకరోజు తెగుతుంది,
నా రెండో పెళ్ళిలాగా.

గాలం మొనను గోటి మీద ఆనించి చూడు.
జారిందా, ఆకురాయి తియ్యి.
గీసుకుందా, చాలు.

రాత్రి వానకు నీళ్ళు టీ రంగుకు తిరిగాయి.
ఇవాళ చేప చూడదు, ఒళ్ళంతా చెవి చేసుకుని వింటుంది.
రేకు గిరగిరా తిరిగే స్పిన్నర్ వెయ్.
మునిగిన మొద్దు కనిపిస్తే తప్పించకు,
కావాలనే గుద్దించు.
తగిలి, తూలి, క్షణం దారి తప్పిన ఎర మీదే
అది విరుచుకుపడుతుంది.
తిన్నగా ఈదేదాన్ని పోనిస్తుంది.
ఎందుకో నన్నడక్కు.

ఎండెక్కాక ఇది, అంటూ
ద్రాక్షపండు రంగు రబ్బరు పురుగును
నా అరచేతిలో పెట్టింది. చల్లగా ఉంది.
మొనను దాని ఒంట్లోనే దాచు, నాచు తగులుకోదు.
ముందు తూటాలాంటి సీసం, పావు ఔన్సు.
విసురు. మునగనీ.
తర్వాత ఏమీ చెయ్యకు.
మీ కుర్రాళ్ళకు చేతకానిది అదొక్కటే.
టక్‌మనగానే లాగకు.
దారం తనంతట తాను పక్కకు నడిచినప్పుడు
అప్పుడు కొట్టు, మొహమాటం లేకుండా.

సరే, ఎక్కడ వెయ్యను?

పిల్లిని పక్కకు జరిపింది.
రసీదు వెనక పెన్సిల్‌తో ఒక రోడ్డు గీసింది.
నీళ్ళ కింద రోడ్డేమిటి?
డ్యామ్ ఆఫీసులో రోజూ నీటిమట్టం రాసేవాడివి,
నీకు తెలీదూ?
పైన్ నాబ్ ఊరు. తొమ్మిదేళ్ళు నేను బడికి నడిచిన దారి.
కంకర ఇంకా చెక్కుచెదరలేదు,
బాస్‌కు గట్టి నేలంటే ప్రాణం.

సీసాన్ని అడుగున ఈడ్చుకుంటూ రా.
బురదైతే తడిసిన దుప్పటి లాగినట్టుంటుంది,
కంకరైతే నిద్రలో ఎవరో పళ్ళు కొరికినట్టు.
పద్దెనిమిది అడుగుల లోతున
టక్, టక్, టక్.
అవి పోస్టాఫీసు మెట్లు.
పెద్దది అక్కడే ఉంటుంది, నీడ వైపు,
ఎల్డోరా పిన్ని నిలబడి
రాని ఉత్తరాలకు సర్దిచెప్పే చోట.

పడితే తడి చేత్తో ఎత్తు, కడుపు నొక్కకు.
గుడ్లతో ఉంటుంది. చూసుకుని వదిలెయ్.

ఎంతివ్వాలి?
పురుగులకు మూడు డాలర్లు. రోడ్డుకేం వద్దు.

తలుపు గంట మోగింది, నేను సగం బయట.
కోల్బర్ట్,
మెట్లు నాలుగుండాలి.
కిందటేడు నాకు మూడే తగిలాయి.
నా చెయ్యి మొద్దుబారిందో,
ఒకటి బురదలో కూరుకుపోయిందో.
నీ చెయ్యి కుర్రది. చూసొచ్చి చెప్పు.

ఆ పొద్దున చేప పడలేదు.
టక్, టక్, టక్.
తర్వాత దారం వదులైంది.
పడవలో కూర్చుని
ఆమె నేర్పినట్టే
ఏమీ చెయ్యకుండా ఉన్నాను.