గుమ్మం నంబరు

రాయగడ స్టేషను వెనక
సైకిలు షాపు మీద మేడ.
కింద రెండు గాలి పంపులు, పైన పదకొండు చాపలు.
మాకు బోర్డు లేదు.
కట్టిన గుడ్డ బోర్డుని మొన్నటి గాలివాన
నాగావళి వైపు ఎత్తుకుపోయింది.
మళ్ళీ రాయించడానికి డబ్బుల్లేక
తలుపు మీద సుద్దతో రాసుకున్నాం,
ఒరియాలో ఓసారి, తెలుగులో ఓసారి:
'చెప్పులు బయట విడవండి.'
వచ్చేవాళ్ళలో సగం మందికి
విడవడానికి చెప్పుల్లేవు.

రాత్రి రెండున్నరకి వైజాగ్ బండి ఆగుతాది.
దిగినవాళ్ళలో ఎవరు ఇంటికెళ్తున్నారో
ఎవరు ఊరికే నడుస్తున్నారో
కాళ్ళు చూస్తే తెలిసిపోతాది నాకు.
ఇంటికెళ్ళే కాలు మలుపు దగ్గర ఆలోచించదు.

గవిరేసు అలా దొరికినవాడే.
పార్వతీపురం అవతల ఏదో ఆశ్రమంలో
పద్దెనిమిది నిండిన రోజు
కేకు కోయించి, చప్పట్లు కొట్టి,
రేకుపెట్టె చేతికిచ్చి గేటు వేశారట.
'కేకు బాగుందక్కా' అన్నాడు.
మూడు రోజులు అదొక్క మాటే.

సింగారి పిడికాక అది కూడా అనలేదు.
దాని కొండ భాష నాకు రాదు,
నా భాష దానికి ఆకలంత వచ్చు.
పప్పులోంచి కరివేపాకు ఏరి
పళ్ళెం అంచున వరసగా పెట్టుకుంటుంటే
ఈ పిల్లకి ఎవరో ఒకప్పుడు
తీరిగ్గా అన్నం పెట్టారనుకున్నాను.

ఆధారు కార్డుకి ఇల్లు కావాలి.
బ్యాంకుకి, సిమ్ముకి,
కాగితం మిల్లు గేటు దగ్గర కూలీ పాసుకీ
ఇల్లు కావాలి.
ఇల్లుంటేనే గానీ మనిషున్నాడని నమ్మరు.
అందుకని మా గుమ్మం నంబరే రాశాం అందరికీ.
ఇరవై ముగ్గురు, ఒకటే గుమ్మం.
'ఎంత పెద్ద కుటుంబమమ్మా మీది!' అంటాడు
పోస్టుమాన్ సాబతు, చంకలో కట్టతో.
వెక్కిరింపో దీవెనో
ఆరేళ్ళైనా తేల్చుకోలేకపోయాను.

నిన్న ఇంటాయన వచ్చాడు.
చెడ్డవాడేం కాదు. లాడ్జి కడతాడట.
నలభై గదులు.
నెల గడువిచ్చి, టీ తాగి,
గ్లాసు తనే కడిగి బోర్లించి వెళ్ళాడు.

చందాల పుస్తకం తీశాను.
ఇడ్లీబండి వరహాలమ్మ యాభై.
ఎర్రచొక్కా హమాలీలు మూడొందలు.
పేరు రాయొద్దన్న ఒకాయన బియ్యం బస్తా,
ఒక నెల మాత్రం నూకలు.
భువనేశ్వరం నుంచి ఒక పెద్ద సంస్థ
ఫొటోలు అడిగింది,
మొహాలు కనబడాలని, కాస్త దిగులుగా ఉంటే మంచిదని.
ఆవేళ వీళ్ళు క్యారమ్సులో తొండి చేసి
పొర్లి పొర్లి నవ్వుతున్నారు.
పంపలేదు.

ఇల్లు పోతోందని ఇంకా చెప్పలేదు.
చెబుదామనే పొద్దున్న పిలిచాను.
అప్పుడే సాబతు కవరు తెచ్చాడు,
సింగారికి, బ్యాంకు నుంచి.
లోపలేముందో అది అడగలేదు.
పైన రాసిందే చదివించుకుంది గవిరేసు చేత,
పేరు, గుమ్మం నంబరు, వీధి.
'మళ్ళీ' అంది.
తెలుగులోనే అంది.

బండి కూత వేస్తోంది.
టార్చిలైటుకి బ్యాటరీ అయిపోవచ్చింది,
అరచేత్తో రెండు దెబ్బలు కొడితే
వెలుగుతోంది గానీ.
మెట్లు దిగుతున్నాను.