నిమ్మకాయ దొర్లే నేల

నూట నలభై రెండు మెట్లు.
గ్యాసు సిలిండరు మోసుకొచ్చే కుర్రాడు
ఎనభయ్యో మెట్టు మీద ఆగి
మా ఇంటిని తిట్టుకుంటాడని నాకు తెలుసు.
నేనూ అక్కడే ఆగుతాను,
తిట్టడానికి ఊపిరి చాలదు.

వల్పరాయిసో కొండ మీద రేకుల ఇల్లు.
నొల్బెర్తో వాళ్ల తాత
రేవులో ఓడలకి వేయగా మిగిలిన రంగు తెచ్చి పూసేవాడట.
ఏ ఏడు ఏ రంగు దొరికితే అదే.
గోటితో గీరితే ఇప్పటికీ కనిపిస్తాయి:
పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద ఎరుపు,
దాని కింద తుప్పు.

ఎనభై అయిదు నాటి భూకంపానికి
నేల సముద్రం వైపు ఒరిగింది.
బల్ల మీంచి పడ్డ నిమ్మకాయ
గుమ్మం దాకా తనే నడిచిపోయేది.
పిల్లలకి అదో ఆట.
అప్పట్లో ఏడు అంకెలు లెక్కపెట్టేవాళ్లం,
తర్వాత నాలుగు.
నొల్బెర్తోకి చెప్పలేదు.
నిమ్మకాయలు బుట్టలో వేసి పైన గుడ్డ కప్పాను.

"అమ్మేద్దాం" అన్నది నేనే.
ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
అమ్మి చూడమని ఏ పెద్దలూ అనలేదు.
పింఛను పదో తేదీకి,
రేకులవాడి బిల్లు అయిదుకే.
కింద బల్లపరుపు వీధిలో, మందుల షాపు పక్కన,
లిఫ్టు ఉన్న రెండు గదులు చూసొచ్చాను.
కిటికీలోంచి ఇంకో కిటికీ కనిపిస్తుంది.
సముద్రం కనపడదు.
డెబ్భై నాలుగేళ్లు చూశాను, చాలదా?

పక్కింటి ఎర్మెలిందా అమ్మనంది.
వానొస్తే మూడు బకెట్లు అటూ ఇటూ జరుపుతూ
పాటేదో పాడుకుంటుంది.
ఆమెది తప్పని నేననను.

ఈయన మూడు రోజులు మాట్లాడలేదు.
నాలుగో రోజు పైకెక్కి మేకు కొడుతూ
"ఈ కప్పు నాకంటే గట్టిది" అన్నాడు.
కింద నిచ్చెన పట్టుకున్నది నేను.
వణికేది నిచ్చెనో ఆయన కాళ్లో
నా చేతులకి తెలుసు.

కొనడానికొచ్చిన పిల్ల పేరు ఫియొరెల్లా.
డాక్టరు వీపు తట్టినట్టు
గోడని వేళ్లతో తట్టి, చెవి పెట్టి,
"చెదలు" అంది.
ధరలో మూడో వంతు అక్కడే రాలిపోయింది.
వెళ్తూ వెళ్తూ బుట్ట మీది గుడ్డ తీసి
ఒక నిమ్మకాయ తీసుకోనా అని అడిగింది.
చేతిలోంచి జారింది.
ముగ్గురం కదలకుండా నిలబడ్డాం.
అది గుమ్మానికి తగిలాక
నొల్బెర్తో మెల్లగా అన్నాడు:
"మూడు. పోయిన చలికాలం నాలుగు."

ఆయనకీ తెలుసన్నమాట.
ఏ రాత్రి, నేను నిద్రపోయాక,
ఆ గుడ్డ కింద చెయ్యి పెట్టి
ఒక్కడూ చీకట్లో లెక్కపెట్టుకున్నాడో.

ఆగస్టులో సంతకాలు.
తాళాలిచ్చే రెండు రోజుల ముందు
ఒక డబ్బా నీలం రంగు కొనుక్కొచ్చాడు,
సముద్రం వైపు గోడకి.
"వాళ్లు ఎలాగూ కూలగొడతారు కదా?"
"ఉప్పుగాలికి దస్తావేజులు చదవడం రాదు."
డబ్బా ఎంతని అడగలేదు.
నిచ్చెన పట్టుకున్నాను.

ఇక్కడ నేల సమంగా ఉంది.
నిమ్మకాయ పెట్టిన చోటే ఉంటోంది.
అప్పుడప్పుడూ ఆయన దాన్ని
వేలితో చిన్నగా నెడుతుంటాడు.
నా మోకాళ్లు మాత్రం హాయిగా ఉన్నాయి.
ఆ మాట ఆయన ముందు అనను.